ఇంకో కాటన్ దొర

సావనీరుకి ఒక ప్రసిద్ధుని జీవితం రాసియ్యమని యూనియను పిల్లలు ఇద్దరు మొన్న మా ఇంటికొచ్చారు. ఎవరి గురించి రాస్తారు సార్ అని అడిగారు. సిడ్నీ కాటన్ గురించి అన్నాను. ఇద్దరి ముఖాలూ వెలిగాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరే కదా, మంచి సబ్జెక్టు సార్ అన్నారు. కాదు నాయనా, ఆయన ఆర్థర్ కాటన్, గోదావరి జిల్లాలకి నీళ్ళిచ్చిన మహానుభావుడు. ఈయన ఇంకో కాటన్. మన హైదరాబాదుకి దొంగచాటుగా తుపాకులు మోసుకొచ్చినవాడు అన్నాను. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మర్యాదస్తులు కాబట్టి వద్దనలేదు. పేజీలు మరీ ఎక్కువ కాకుండా చూడమని మాత్రం చెప్పి వెళ్ళారు.

అసలు ఈ మనిషి నా బుర్రలోకి ఎలా దూరాడో ముందు చెప్పాలి. నేను ఈ కాలేజీలో చదివిన రోజుల్లో మా ఇల్లు హుస్సేనీ ఆలంలో. చార్మినారు దగ్గర లాడ్ బజారులోకి మళ్ళి, గాజుల దుకాణాల నడుమ పడమటికి నడుచుకుంటూ పోతే మా మహల్లా వస్తుంది. గల్లీలో మాది ఒక్కటే తెలుగు ఇల్లు. గడప లోపల తెలుగు, గడప దాటితే ఉర్దూ. అక్కడొక అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. రోజుకి పది పైసలు. ఉర్దూ వచ్చినవాళ్ళకి ఇబ్నె సఫీ రాసిన ఇమ్రాన్ నవలలు, తెలుగువాళ్ళకి కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేవాళ్ళకి అట్టలు చిరిగిన జేమ్స్ బాండ్ నవలలు. నాకు మూడు భాషలూ అంతంతమాత్రంగా వచ్చు గనక మూడు రకాలూ చదివేవాణ్ణి. పాఠ్యపుస్తకాల మీద అంత శ్రద్ధ పెట్టి ఉంటే ఈపాటికి వైస్ చాన్సలర్ అయ్యేవాణ్ణని మా నాన్న చివరిదాకా అనేవాడు.

బాండ్ నవలల్లో నన్ను పట్టేసినవి చేజింగులు కావు, వస్తువులు. సూట్‌కేసులో దాచిన కత్తి, అడుగున అర ఉన్న పెట్టె, చూడటానికి ఒకటిగా ఉండి లోపల మరొకటి అయిన యంత్రం. వాటిని రాసిన ఇయాన్ ఫ్లెమింగ్ ఉత్త కల్పనలో బతికినవాడు కాదని తరవాత తెలిసింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన బ్రిటిషు నౌకాదళ గూఢచారి విభాగంలో ఆఫీసరు. ఆ విభాగాధిపతి అడ్మిరల్ గాడ్‌ఫ్రేకి ఆంతరంగిక సహాయకుడు. యుద్ధం అయిపోయి ఎనిమిదేళ్ళు గడిచాక, 1953లో, మొదటి బాండ్ నవల కెసినో రాయల్ అచ్చయింది. 1964లో ఆయన పోయాడు. బాండ్‌కి ఒరవడి ఎవరయ్యా అంటే వినిపించే పేర్లు డజనుకి తక్కువుండవు. ఆ జాబితాలో ఉన్న ఒక పేరు సిడ్నీ కాటన్. యుద్ధం తొలినాళ్ళలో ఫ్లెమింగ్ కాటన్ దగ్గరికి వస్తూ పోతూ ఉండేవాడు, ఇద్దరికీ స్నేహం కుదిరింది. అంతమట్టుకు నిజం. ఫలానావాణ్ణి చూసే బాండ్‌ని రాశాడని ఒట్టుపెట్టి చెప్పేవాణ్ణి మాత్రం నేను నమ్మను. నవలలు రాసేవాళ్ళు నలుగురి దగ్గరా నాలుగు ముక్కలు ఎత్తుకుంటారు.

బాండ్ కంటే ముందే, కాటన్ పేరు కూడా తెలియక ముందే, ఆ విమానాల సంగతి నాకు తెలుసు. మా ఎదురింట్లో ఒక ముసలావిడ ఉండేది. ఖాలా అనేవాళ్ళం. నా చిన్నప్పుడు ఆకాశంలో విమానం చప్పుడు వినిపిస్తే చాలు, చేతిలో ఏ పనున్నా వదిలేసి వాకిట్లోకి వచ్చి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసేది. పిల్లలం నవ్వేవాళ్ళం. ఒకరోజు అమ్మ నన్ను లోపలికి లాక్కెళ్ళి వీపు మీద ఒకటిచ్చి, అప్పుడు చెప్పింది. ఖాలా పెద్దకొడుకు 1948లో, పందొమ్మిదేళ్ళవాడు, రజాకార్లలో చేరాడట. కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో తుపాకులు దిగుతున్నాయి, అందరికీ తలా ఒకటి ఇస్తారు అని తల్లికి చెప్పి, అప్పటికి చేతికిచ్చిన బరిసె ఒకటి పట్టుకుని షోలాపూరు సరిహద్దు వైపు వెళ్ళాడట. మళ్ళీ రాలేదు.

అమ్మ ఆ కథ చెప్పిన తీరులో జాలి ఉంది, ఇంకేదో కూడా ఉంది. ఆమె పుట్టిల్లు నల్లగొండ జిల్లాలో పల్లె. అదే ఏడు రజాకార్ల భయానికి మా తాత ఆడవాళ్ళనీ పిల్లల్నీ బండ్లలో ఎక్కించి, సరిహద్దు దాటించి జగ్గయ్యపేట పంపించాడు. గడ్డివాములు తగలబడ్డ వాసన ఎన్నేళ్ళయినా ముక్కులోంచి పోలేదనేది. ఒకే గల్లీలో, ఎదురుబొదురు వాకిళ్ళలో, ఆ ఇద్దరు ఆడవాళ్ళు ముప్పై ఏళ్ళు చింతపండూ పంచదారా బదులిచ్చుకుంటూ బతికారు.

కాటన్ పుస్తకం నాకు దొరికింది ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఒక ఆదివారం. ఏవియేటర్ ఎక్స్‌ట్రార్డినరీ అని పేరు. కాటన్ చెబుతుంటే రాల్ఫ్ బార్కర్ రాసింది, 1969లో అచ్చయింది. తిరగేస్తుంటే బీదర్ అనే మాట కనబడింది. బేరమాడకుండా కొన్న పుస్తకాలు నా జన్మలో రెండే. ఇది అందులో ఒకటి.

ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్ 1894 జూన్ 17న ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో, పశువుల మందలు మేపే ఒక పెద్ద ఆసామి కుటుంబంలో పుట్టాడు. కొంత చదువు అక్కడ, కొంత ఇంగ్లండులో చెల్టనం కాలేజీలో. మళ్ళీ స్వదేశానికి పోయి గొడ్ల పని నేర్చుకుంటూ ఉండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1915లో ఇంగ్లండు వచ్చి నౌకాదళపు వైమానిక శాఖలో చేరాడు.

అప్పటి విమానాలకి పైకప్పు లేదు. ఎత్తుకి పోతే చలికి వేళ్ళు కొయ్యబారేవి. ఒకరోజు పైలట్లందరూ హడావుడిగా పైకెగరవలసొచ్చింది. మిగతావాళ్ళు గజగజ వణుకుతూ దిగారు. ఇంజను మరమ్మతు చేస్తూ చేస్తూ నూనె మరకల ఓవరాల్స్‌తోనే విమానం ఎక్కేసిన కాటన్‌కి మాత్రం చలి తగలలేదు. మామూలువాడైతే అదృష్టం అనుకుని ఊరుకునేవాడు. ఇతను కూర్చుని ఆలోచించాడు. బట్టకి పట్టిన నూనే జిడ్డూ గాలిని లోపలికి రానివ్వకుండా ఆపాయని, ఒంటి వెచ్చదనం బయటికి పోలేదని తేల్చుకున్నాడు. లోపల పల్చని బొచ్చు, నడుమ గాలి దూరని పట్టు, పైన గట్టి గుడ్డ, ఇలా మూడు పొరలతో ఒళ్ళంతా కప్పే సూటు కుట్టించాడు. సిడ్నీలో సిడ్, కాటన్‌లో కాట్ కలిపి దానికి సిడ్‌కాట్ అని పేరు. ఒక తరం పైలట్లు ఆ సూటు తొడుక్కునే ఎగిరారు. రెండో యుద్ధం అయ్యాక కూడా కొన్నేళ్ళు అది వాడుకలో ఉంది.

ఇంత తెలివిగలవాడు పై ఆఫీసర్లతో ఒక్క ఏడాది సఖ్యంగా ఉండలేకపోయాడు. 1917లోనే తగవుపడి రాజీనామా ఇచ్చాడు. ఈ తగవు అతని జీవితంలో పల్లవిలాగ మళ్ళీ మళ్ళీ వస్తుంది. తరవాతి ఇరవయ్యేళ్ళు త్వరగా చెప్పేస్తాను. న్యూఫౌండ్‌లాండ్ మంచులో విమానం మీంచి సీల్ జంతువుల మందల్ని వెతికిపెట్టే వ్యాపారం, విమానంలో టపా మోసే వ్యాపారం, డుఫేకలర్ అనే రంగుల ఫిలిం అమ్మే వ్యాపారం. డబ్బు రావడం, పోవడం. మొత్తం మీద మూడు పెళ్ళిళ్ళు. సినిమా తీసేవాళ్ళకి పనికొచ్చే సరుకు ఇక్కడ బోలెడుంది గానీ నాకు పనిలేదు. ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఈ రంగుల ఫిలిం వ్యాపారం వల్ల ఐరోపా దేశాలన్నిట్లోనూ అతనికి పరిచయాలు ఏర్పడ్డాయి. జర్మనీలో కూడా. సొంత విమానంలో వచ్చిపోయే షావుకారుని ఎవరూ అనుమానించరు.

1938లో ఫ్రెడ్ వింటర్‌బోథం అనే ఆఫీసరు కాటన్‌ని పిలిపించాడు. బ్రిటిషు రహస్య గూఢచారి శాఖలో వైమానిక విభాగం ఆయనది. హిట్లరు ఏయే ఫ్యాక్టరీలు, ఏయే రేవులు, ఏయే విమానాశ్రయాలు సిద్ధం చేసుకుంటున్నాడో పైనుంచి ఫోటోలు కావాలి. యుద్ధం ఇంకా రాలేదు గనక సైనిక విమానాన్ని పంపే వీల్లేదు. కాబట్టి ఒక బోగస్ కంపెనీ పెట్టించి, దాని పేర అమెరికాలో తయారైన లాక్‌హీడ్ 12 విమానం కొనిపెట్టారు. రెండు ఇంజన్లు, మెత్తని సీట్లు, కోటీశ్వరుల షోకు బండి.

ఆ బండి కింద కాటన్ చేసిన పని చూస్తే నా చిన్ననాటి బాండ్ పెట్టెలన్నీ బొమ్మల్లాగ అనిపించాయి. నేలలో రంధ్రాలు కోయించి కెమెరాలు అమర్చాడు. అవి బయటికి కనబడకుండా జరిగే పలకలు పెట్టించాడు. అవసరమైనప్పుడు మీట నొక్కితే పలకలు పక్కకి జరిగి కెమెరాలు పని మొదలెడతాయి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు. అసలు చిక్కు వేరే. ఎత్తుకి పోయేసరికి చలికి కటకాల మీద ఆవిరి పట్టి ఫోటోలు పాడయ్యేవి. క్యాబిన్‌లోని వెచ్చటి గాలిని కెమెరాల మీదుగా బయటికి పోయేటట్టు ఏర్పాటు చేశాడు. కటకాలు తేటగా ఉన్నాయి. చలినీ వెచ్చదనాన్నీ కనిపెట్టుకుని ఉండే గుణం సూటు నాటినుంచీ ఉన్నదే కదా.

కెనడావాడు బాబ్ నివెన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, 1939 వేసవిలో మధ్యధరా సముద్రం పొడుగునా ఇటలీ స్థావరాలని ఫోటోలు తీశాడు. తరవాత వ్యాపారం మీద వచ్చానంటూ జర్మనీ లోపలికే వెళ్ళాడు. ఫ్రాంక్‌ఫర్ట్ వైమానిక ప్రదర్శనలో ఆ షోకు విమానం చూసి జర్మను జనరల్ కెసెల్‌రింగ్ ముచ్చటపడ్డాడట. ఆయన్ని ఎక్కించుకుని, ఆయన సంతోషిస్తుండగానే కింద కెమెరాలు ఆడించాడట. ఇది కాటన్ సొంత కథనం. అతను పిట్టకథలు బాగా చెబుతాడు, పుస్తకం అమ్ముడుపోవాలి కూడా. కాబట్టి ఒక చిటికెడు తీసేసి నమ్మండి.

యుద్ధం రాగానే అతనికి వింగ్ కమాండర్ హోదా ఇచ్చి, లండను శివార్లలో హెస్టన్ విమానాశ్రయంలో ఫోటోల దళం అప్పగించారు. అప్పటిదాకా ఫోటోలు తీయడానికి బరువైన, నిదానంగా పోయే విమానాలు వాడేవారు. అవి కూలిపోతూ ఉండేవి. తుపాకులతో పోట్లాడే విమానం కాదు, అందకుండా పారిపోయే విమానం కావాలని లాంగ్‌బాటమ్ అనే యువ ఆఫీసరు కాగితం మీద రాశాడు. కాటన్ దాన్ని పట్టుదలగా అమలు చేశాడు. స్పిట్‌ఫైర్ విమానాల్లోంచి తుపాకులన్నీ పీకించి, సందుల్లో పూడ్పించి, పైన నున్నగా పాలిష్ పెట్టించాడు. ఆకాశంలో కలిసిపోయేలా లేత నీలి ఆకుపచ్చ రంగు వేయించాడు. ఆ రంగు ఊహ ఎక్కడిదో తెలుసా? మన జోధ్‌పూర్ మహారాజా సొంత విమానం హెస్టన్‌లో పైకి లేచి, అటువంటి రంగు మూలంగా ఇట్టే కనుమరుగైపోవడం కాటన్ చూశాడని చెబుతారు. రాజుగారి సరదా ఎక్కడ పనికొచ్చిందో చూడండి. ఫ్లెమింగ్ రాకపోకలు సాగింది ఈ హెస్టన్‌కే. ఐర్లండు తీరంలో జర్మను జలాంతర్గాములు దాక్కుంటున్నాయేమోనని నౌకాదళానికి అనుమానం. ఆ తీరం ఫోటోలు తీసిపెట్టింది కాటన్.

తుపాకీ లేని ఆ స్పిట్‌ఫైర్ పద్ధతి యుద్ధం చివరిదాకా సాగింది. పీనెముండేలో జర్మనీ తయారుచేస్తున్న రహస్యాయుధాల జాడ 1943లో దొరికింది ఇటువంటి ఫోటోల్లోనే. కాని అప్పటికి కాటన్ అక్కడ లేడు. 1940 జూన్‌లోనే అతన్ని ఆ పదవి నుంచి తప్పించారు. పైవాళ్ళని అడగకుండా పనులు చేయడం, ఫైళ్ళని లెక్కచేయకపోవడం, ఫ్రాన్సు కూలిపోతున్న రోజుల్లో విమానాల్లో ఎవరెవరినో ఎక్కించుకొచ్చాడని పుకార్లు. 1941లో ఒక బిరుదు ఇచ్చి మర్యాదగా సాగనంపారు. ఆ ఏడే సైనికోద్యోగం వదిలేశాడు. నాకు ఇక్కడ కాటన్ మీద జాలి కలుగుతుంది. చేసిన పని అంతా నిలిచింది, చేసినవాణ్ణి గేటు బయట నిలబెట్టారు. అందులో అతని నోటి దురుసు పాలూ తక్కువది కాదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

1947 నవంబరు 29న నిజాముకీ భారత ప్రభుత్వానికీ ఏడాది పాటు యథాతథ ఒప్పందం కుదిరింది. సంతకాల తడి ఆరకముందే రెండు పక్కలా అనుమానాలు. ఒకపక్క కాసిం రజ్వీ ఉపన్యాసాలు, ఊళ్ళమీద రజాకార్ల దాడులు, పల్లెల్లో రైతాంగ సాయుధ పోరాటం. ఇంకోపక్క భారతదేశం సరిహద్దులు బిగించింది. ఆయుధాలు రానివ్వలేదు, మెల్లగా మామూలు సరుకులు కూడా అందకుండా పోయాయి. హైదరాబాదుకి సముద్రం లేదు, రేవు లేదు, నాలుగు పక్కలా భారతదేశమే. సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ దగ్గర సిపాయిలున్నారు గానీ సరైన ఆయుధాలు చాలవు. ప్రధాని లాయఖ్ అలీకి మిగిలిన దారి ఒక్కటే, ఆకాశం.

ఆకాశంలో దారి తెలిసినవాడు ఉద్యోగం లేకుండా ఉన్నాడు. బేరం కుదిరింది. కాటన్ అయిదు లాంకాస్ట్రియన్ విమానాలు సంపాదించాడు. యుద్ధంలో జర్మనీ మీద బాంబులు కురిపించిన లాంకాస్టర్‌నే ప్రయాణాలకి మార్చిన రకం అది. నాలుగు మెర్లిన్ ఇంజన్లు. స్పిట్‌ఫైర్‌కి ఉన్నదీ మెర్లిన్ ఇంజనే. 1948 వేసవి నుంచి కరాచీలో సరుకు ఎక్కించుకుని, రాత్రివేళ భారతదేశం మీదుగా సుమారు 1300 కిలోమీటర్లు ఎగిరి, బీదర్‌లోనో వరంగల్‌లోనో దిగేవి. సరుకు దింపుకుని మళ్ళీ చీకట్లోనే వాపసు. అప్పుడే పుట్టిన స్వతంత్ర భారత వైమానిక దళానికి రాత్రివేళ అటువంటి విమానాన్ని వెంటాడి పట్టే సాధనాలు లేవు. ఢిల్లీకి సంగతి తెలుసు, లండన్‌కి ఫిర్యాదులు వెళ్ళాయి, పత్రికలు రాశాయి. విమానాలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

తన పుస్తకంలో కాటన్ దీన్ని చిక్కుల్లో పడ్డ చిన్న రాజ్యానికి చేసిన సాయంగా రాసుకున్నాడు. మందులు కూడా మోశానన్నాడు. మోసే ఉంటాడు. ఆ దిగ్బంధంలో మందులకి కటకట నిజమే. కాని నేను ఆ అధ్యాయాన్ని చదివినప్పుడల్లా పక్కన ఒక క్యాలెండరు పెట్టుకుంటాను. 1948 ఆగస్టు 22 తెల్లవారకముందు ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ని హైదరాబాదు వీధిలో చంపారు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని ఉర్దూలో రాసిన పాపానికి, రాసిన చెయ్యి నరికారు. అయిదు రోజులకి, ఆగస్టు 27న, బైరాన్‌పల్లిలో బురుజెక్కి కాపలా కాసుకుంటున్న ఊరి మీద రజాకార్లు, నిజాం సైనికులు పడి పదుల సంఖ్యలో కాల్చి చంపారు. ఆ వేసవి అంతా కరాచీ నుంచి విమానాలు వస్తూనే ఉన్నాయి. ఆ తుపాకులే ఈ తుపాకులని నేననడం లేదు. విమానాల సరుకు ముఖ్యంగా సైన్యం కోసం. కాని ఆ చప్పుడు రాత్రిపూట విన్న ప్రతి రజాకారుకీ వెనక ఎవరో ఉన్నారన్న ధైర్యం వచ్చింది. హుస్సేనీ ఆలంలో పందొమ్మిదేళ్ళ కుర్రవాడికి వచ్చింది అదే ధైర్యం. తుపాకీ మాత్రం రాలేదు.

సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం బయల్దేరింది. ప్రధానమైన దండు షోలాపూరు వైపు నుంచే, నల్‌దుర్గ్ మీదుగా. విమానాలు మొదట చేసిన పనుల్లో ఒకటి బీదర్, వరంగల్ విమానాశ్రయాల మీద బాంబులు వేయడం. దారి మూసేశారు. 17న సాయంత్రం నిజాం ప్రభువు లొంగుబాటు ప్రకటించాడు. 18న ఎల్ ఎద్రూస్ వచ్చి మేజర్ జనరల్ జె. ఎన్. చౌదురి ముందు లాంఛనంగా లొంగిపోయాడు. అంతా అయిదు రోజులు. కాటన్ తెచ్చిన సరుకు ఆ అయిదింటికి ఆరో రోజుని కూడా కలపలేకపోయింది.

ఆ తరవాత జరిగింది మా గల్లీలో బాహాటంగా మాట్లాడుకునేవారు కాదు. మరఠ్వాడాలో, కన్నడ జిల్లాల్లో ముస్లిములని వేలమందిని చంపారు. నెహ్రూగారు పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేలు, 40 వేల దాకా ఉండవచ్చునని అంచనా కట్టింది. ఆ నివేదిక జనం కంటబడేసరికి 2013 వచ్చింది. షోలాపూరు సరిహద్దు వైపు పోయిన ఖాలా కొడుకు సైన్యం తూటాకి పోయాడో, యుద్ధం అయ్యాక ఇంటికి తిరిగొస్తూ ఏ ఊళ్ళో దొరికిపోయాడో ఎవరికీ తెలియలేదు. ఖననం లేదు, ఫాతెహా ఎప్పుడు చదవాలో తేదీ లేదు. అందుకే ఆవిడ ఆకాశం చూసేది. ఆవిడ లెక్కలో విమానం అంటే ఇంకా ఆట అయిపోలేదని.

కాటన్‌కి ఏమైందంటారా? ఇంగ్లండులో కేసు పెట్టారు. ఆయుధాల కేసు కాదు, జనాల ప్రాణాల కేసు కాదు. విమానయాన నిబంధనలు ఉల్లంఘించినందుకు కేసు. నేరం ఒప్పుకున్నాడు. జరిమానా 200 పౌన్లు. అప్పటి మారకంలో మన 2,670 రూపాయల లోపు. నవలలో బాండ్‌కి మనిషిని చంపడానికే లైసెన్సు ఉంటుంది. ఇక్కడ పర్మిట్టు లేకుండా విమానం నడిపినందుకు చలాను కట్టించుకుని పంపేశారు. నేను ఈ చోట ప్రతిసారీ పుస్తకం మూసి కాసేపు పక్కన పెడతాను.

అతణ్ణి దుర్మార్గుడని తేల్చేస్తే నా పని సులువవును. కాని అది నిజం కాదు. 1939లో హిట్లరు కళ్ళు గప్పిన అదే నేర్పు, అదే మొండితనం, నియమాలంటే అదే చులకన 1948లో బీదర్ మీద దిగాయి. కొత్త గుణం ఒక్కటీ చేరలేదు. మొదటిసారి వెనక ఒక దేశం ఉంది, కింద ఉన్నది శత్రువు. రెండోసారి వెనక ఒక కాంట్రాక్టు ఉంది, కింద ఉన్నది మేము. పైనుంచి చూసే మనిషికి ఆ తేడా కనబడినట్టు లేదు. అంత మంచి కెమెరాలు పెట్టినవాడు ఆ రాత్రుల్లో మాత్రం కిందికి ఒక్క ఫోటో తీసినట్టు పుస్తకంలో లేదు. ఇది విద్యార్థి మిత్రులు వాదించదగ్గ విషయమే. నాతో ఏకీభవించనివాళ్ళుంటే సంతోషం.

తరవాత ఇరవయ్యేళ్ళు కాటన్ వ్యాపారాల్లో సంపాదిస్తూ, పోగొట్టుకుంటూ గడిపాడు. 1951లో తన దగ్గర సెక్రటరీగా పనిచేసినామెని మూడో పెళ్ళి చేసుకున్నాడు. 1969 ఫిబ్రవరి 13న ఇంగ్లండులో ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ దగ్గర చనిపోయాడు. డెబ్బై నాలుగేళ్ళు నిండాయి. పుస్తకం వచ్చింది కూడా ఆ ఏడే. అప్పటికి తెర మీద బాండ్‌కి ప్రపంచమంతా చప్పట్లు. అతని పేరు మాత్రం విమానాల పిచ్చివాళ్ళకి తప్ప తెలియదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. లేదు. 1948 సెప్టెంబరు 20న, అంటే లొంగుబాటు అయిన రెండు రోజులకి, లండనులో వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వపు డబ్బు పది లక్షల పౌన్లకి కాస్త పైచిలుకుని, ఆ ప్రభుత్వపు ఆర్థిక మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ పాకిస్తాన్ హైకమిషనర్ రహింతూలా ఖాతాకి మార్పించాడు. నిజాం ప్రభువు వారం తిరక్కుండానే అది నా అనుమతితో జరగలేదు, తిరిగిచ్చేయండి అన్నాడు. బ్యాంకు బిగుసుకుని కూర్చుంది. డెబ్బై ఏళ్ళు ఆ డబ్బు ఎవరిదో తేలక వడ్డీ మీద వడ్డీ పెరిగింది. చివరికి కోర్టులో పాకిస్తాన్ చేసిన వాదనల్లో ఒకటి, అది తాము హైదరాబాదుకి సరఫరా చేసిన ఆయుధాల బాపతు అని. దాంతో కాటన్ విమానాలు మళ్ళీ లండను కోర్టులో ఎగిరాయి. ఎప్పుడు, ఎవరి కోసం, ఎవరి డబ్బుతో అని జడ్జి మార్కస్ స్మిత్ వివరంగా విచారించారు. ఆయుధాలు వచ్చిన మాట సరే, ఈ డబ్బుకీ దానికీ సంబంధం రుజువు కాలేదని 2019 అక్టోబరు 2న తీర్పు చెప్పి, మూడున్నర కోట్ల పౌన్లు భారత ప్రభుత్వానికీ నిజాం వారసులకీ చెందుతాయన్నారు. తీర్పు చెప్పింది గాంధీ జయంతి నాడు. నేను పొద్దున్నే పేపరులో చదివి, అటకమీంచి కాటన్ పుస్తకం దింపి దుమ్ము దులిపాను.

ఆ పుస్తకం నా కంటే ముందు చదివినవాళ్ళెవరో గానీ, హైదరాబాదు అధ్యాయం పొడుగునా మార్జిన్‌లో పెన్సిలుతో సన్నటి గీతలు పెట్టారు. ఒక్కొక్క ప్రయాణానికి ఒక్కొక్క గీత, నాలుగు కాగానే అడ్డంగా ఇంకొకటి, చాకలి పద్దులాగ. లెక్క సగంలో ఆగిపోయింది. ఎవరి ఇంట్లోంచి ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదికి వచ్చిందో తెలియదు.

ఖాలా 1978లో పోయింది. చివరి రోజుల్లో చెవులు వినపడేవి కావు. మా అమ్మ రోజూ సాయంత్రం వెళ్ళి పక్కన కూర్చునేది. పై నుంచి విమానం పోతే అమ్మే తలెత్తి చూసి, ఏమీ చెప్పకుండా తల దించుకునేది.